గంజాయి కేసు, గిరిజన ముద్దాయి: గూడెం కొత్తవీధి నుంచి అడవివరం జైలు దాకా చట్టం ఎలా నడుస్తోంది?

విశాఖపట్నం కేంద్ర కారాగారం నగరం అంచున అడవివరం దగ్గర ఉంది. వెయ్యి మంది కంటే తక్కువ ఖైదీల కోసం కట్టిన జైలు అది. కొన్నేళ్లుగా అందులో దానికి దాదాపు రెట్టింపు మంది ఉంటున్నారు. అందులో పెద్ద భాగం గంజాయి కేసులవాళ్లే. గంజాయి ఖైదీల్లో చాలామందివి పాడేరు, చింతపల్లి, గూడెం కొత్తవీధి, ముంచంగిపుట్టు, పెదబయలు వైపు కొండ ఊళ్లు. జైళ్ల సంస్కరణ, శిక్షల సంస్కరణ అంటే మనకు ఢిల్లీ తిహార్, ముంబై ఆర్థర్ రోడ్ గుర్తొస్తాయి. తెలుగు నేల మీద ఆ చర్చ జరగాల్సిన చోటు మాత్రం ఈ కొండలే.

గూడెం కొత్తవీధికి జైలు కథ కొత్తదేం కాదు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా దాడులు చేసిన మన్యం పోరాటానికి గూడెం కొండలే ఆయువుపట్టు. పోడు కొట్టుకోవడం, అడవిలో కట్టె తెచ్చుకోవడం నేరమైపోయిన రోజులవి. ఆ పోరాటంలో జైలు శిక్ష అనుభవించిన గాము మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అప్పటి కేసులకూ ఇప్పటి కేసులకూ పోలిక పెట్టడం సరికాదు. కానీ కొండ మీద మనిషికి కింది కోర్టు భాష, కింది కోర్టు లెక్క అర్థం కాకపోవడం అనేది వందేళ్ల తర్వాత కూడా అలాగే ఉంది.

అసలు చట్టం ఏమంటోంది?

దేశంలో గంజాయి ఒకప్పుడు సర్కారు లైసెన్సు ఉన్న దుకాణాల్లో అమ్మిన సరుకే. 1961లో మత్తుమందుల మీద కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో ఇండియా చేరింది. దాని ప్రకారమే 1985లో పార్లమెంటు ఎన్‌డీపీఎస్ చట్టం చేసింది. అదే ఏడాది నవంబరు 14 నుంచి అది అమల్లోకి వచ్చింది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1985 చట్టంలో గంజాయికి గరిష్ఠ శిక్ష ఐదేళ్లే. హెరాయిన్ లాంటి వాటికి పది నుంచి ఇరవై ఏళ్లు పెట్టినా, గంజాయిని వేరుగా చూశారు. 2001లో చట్టాన్ని సవరించి, పట్టుబడిన సరుకు బరువును బట్టి శిక్ష ఉండేలా మార్చారు. చిన్నవాళ్లకు తక్కువ, పెద్దవాళ్లకు ఎక్కువ శిక్ష పడాలన్నదే ఆ మార్పు ఉద్దేశం అని చెప్పారు. గంజాయి విషయంలో మాత్రం ఫలితం తిరగబడింది. కిలో లోపు దొరికితే ఏడాది వరకు జైలు. కిలో నుంచి ఇరవై కిలోల వరకు అయితే పదేళ్ల వరకు. ఇరవై కిలోలు దాటితే అది ‘వాణిజ్య పరిమాణం’ అవుతుంది. అప్పుడు కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు కఠిన కారాగారం. పైగా లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. అంటే ఐదేళ్లు గరిష్ఠంగా ఉన్న నేరానికి పదేళ్లు కనిష్ఠమైంది.

కనిష్ఠం అంటే జడ్జి చేతులు కట్టేసినట్టే. ఎదురుగా నిలబడ్డవాడు రెండు వేల రూపాయల కూలికి మూట మోశాడని జడ్జికి నమ్మకం కలిగినా, ఇదే మొదటి తప్పని తెలిసినా, ఇంటి దగ్గర పసిపిల్లలున్నారని విన్నా, నేరం రుజువైతే పదేళ్లకు ఒక్క రోజు తగ్గించడానికి వీల్లేదు. చట్టంలో 32బి సెక్షన్ ఉంది. కనిష్ఠం కంటే ఎక్కువ శిక్ష వేయడానికి ఏయే కారణాలు చూడొచ్చో అది వివరంగా చెబుతుంది. తక్కువ వేయడానికి ఏ కారణాలు చూడాలో చెప్పే సెక్షన్ మాత్రం లేదు.

ఇంకో వింత కూడా ఉంది. గంజాయి మొక్క పెంచినవాడికి ఇదే చట్టంలో పదేళ్ల వరకు శిక్ష ఉంది కానీ కనిష్ఠం లేదు. దాన్ని మోసినవాడికి, సరుకు ఇరవై కిలోలు దాటితే, పదేళ్లు ఖాయం.

బరువు ఎవరిది?

ఈ దందా ఎలా నడుస్తుందో మండలంలో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. పెట్టుబడి బయటివాళ్లది. తమిళనాడు, కేరళ, మహారాష్ట్ర నుంచో, మైదానం నుంచో వస్తారు. సరుకులో ఎక్కువ భాగం ఇప్పుడు సరిహద్దు అవతల ఒడిశా మల్కన్‌గిరి, కోరాపుట్ వైపు పండుతోంది. ‘శీలావతి’ రకానికి మంచి రేటు ఉంటుంది. సీలేరు, దారకొండ, సప్పర్ల దారుల్లో, లేకపోతే అడవి కాలిబాటల్లో అది కిందికి దిగుతుంది. మూటలు తల మీద మోసేవాళ్లు, ముందు బైకు మీద వెళ్లి పోలీసులున్నారో లేదో చూసే ‘పైలట్లు’, రాత్రి ఒక్కరోజు ఇంట్లో సరుకు పెట్టుకోనిచ్చినవాళ్లు, ఆటో తోలినవాళ్లు... వీళ్లే దొరుకుతారు. డబ్బు పెట్టినవాడు ఆ దరిదాపుల్లో ఉండడు. చార్జిషీటులో అతను ‘పరారీలో ఉన్న నిందితుడు’ అన్న ఒక్క లైను.

29వ సెక్షన్ ప్రకారం కుట్రలో, సహాయంలో ఉన్నవాళ్లందరికీ అసలు నేరానికి ఉన్న శిక్షే. ఐదుగురు తలా పది కిలోలు మోస్తే, కలిసి చేశారని చూపిస్తే ఐదుగురి నెత్తినా యాభై కిలోల లెక్క పడే అవకాశం ఉంది. 35, 54 సెక్షన్ల ప్రకారం సరుకు దగ్గర దొరికితే, తెలిసే పెట్టుకున్నాడని కోర్టు భావించొచ్చు. తెలియదని రుజువు చేసుకోవాల్సిన భారం నిందితుడిది. మామూలు క్రిమినల్ కేసుల్లో ఈ భారం ప్రాసిక్యూషన్‌ది కదా, ఇక్కడ తలకిందులు.

బరువు దగ్గర ఒక ముఖ్యమైన వివాదం ఉంది. ఊళ్లో లాయరు దొరికితే ముందు అడగాల్సింది ఇదే. చట్టంలో గంజాయికి నిర్వచనం ఉంది: మొక్క తాలూకు పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు గంజాయి కిందికి రావు. మొక్కలను వేర్లు, కాండంతో సహా పీకి మూట కట్టి తూకం వేస్తే ఇరవై కిలోలు ఎప్పుడో దాటేస్తుంది. కొసలు వేరు చేసి తూస్తే దాటుతుందా? ఈ వాదన మీద హైకోర్టులు బెయిల్ ఇచ్చిన సందర్భాలున్నాయి. ఇరవై ఒక్క కిలోలకూ పందొమ్మిది కిలోలకూ మధ్య రెండు కిలోల తేడా కాదు ఉన్నది, ఒక మనిషి యవ్వనమంతా ఉంది. అందుకే మహజరులో తూకం ఎలా వేశారు, శాంపిళ్లు ఎవరి ఎదుట తీశారు, 52ఎ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ సర్టిఫై చేశారా అన్నవి చిన్న ప్రశ్నలు కావు. ఒంటి మీద సోదా చేసేటప్పుడు గెజిటెడ్ అధికారి దగ్గరికో మేజిస్ట్రేట్ దగ్గరికో తీసుకెళ్లమని అడిగే హక్కు నిందితుడికి 50వ సెక్షన్ ఇచ్చింది. ఆ హక్కు ఉందని పోలీసులే చెప్పాలి. కువి, ఆదివాసీ ఒడియా మాత్రమే వచ్చిన మనిషికి తెలుగులో రాసిన కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే చెప్పినట్టా? అక్కడే కేసు గెలుపోటములు తేలిపోతుంటాయి. దర్యాప్తు అధికారి ముందు ఒప్పుకున్నట్టు రాసుకున్న వాంగ్మూలం శిక్షకు ఆధారం కాదని 2020 అక్టోబరు 29న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఈ సంగతి కూడా కొండ మీదికి ఇంకా సరిగ్గా చేరలేదు.

జామీను: పేరు మనదే, దారి మూసి ఉంది

కోర్టు మాటల్లో మన ఉర్దూ వాసన ఎంత ఉందో చూడండి: జామీను, వకాల్తా, మహజరు, ముచ్చలిక, ఖైదీ. ఒక్క ‘ముద్దాయి’ మాత్రం దారిలో తారుమారైంది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడ్డవాడు. సరే, అది పక్కన పెడదాం.

వాణిజ్య పరిమాణం కేసుల్లో జామీను దొరకాలంటే 37వ సెక్షన్ దాటాలి. ప్రభుత్వ న్యాయవాది వ్యతిరేకిస్తే, నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని, బయటికొచ్చి మళ్లీ చేయడని జడ్జికి నమ్మకం కలగాలి. విచారణ మొదలు కాకముందే దాదాపు నిర్దోషి అని చూపించుకోవాలన్నమాట. చార్జిషీటుకు కూడా మామూలు కేసుల్లో లాగా 60 రోజులు, 90 రోజులు కాదు, 180 రోజుల గడువు. ప్రాసిక్యూటర్ కారణాలు చూపిస్తే ఏడాది దాకా పెంచొచ్చు. ఆ గడువు దాటితే జామీను హక్కుగా వస్తుంది, కానీ చార్జిషీటు వేయకముందే అడగాలి. అడగడానికి లాయరు ఉండాలి, లాయరుకు తేదీ గుర్తుండాలి.

తర్వాత విచారణ. సాక్షులుగా వచ్చే పోలీసులు బదిలీ అయిపోతారు, పంచులు దొరకరు, ఎఫ్ఎస్ఎల్ రిపోర్టు ఆలస్యం. జీకే వీధి నుంచి చింతపల్లి, నర్సీపట్నం, అనకాపల్లి మీదుగా విశాఖ చేరడానికే రోజు పోతుంది. ములాఖాత్‌కు వచ్చిన అమ్మ ఆ రోజు కూలీ పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని, కొన్ని నిమిషాలు మాట్లాడి రాత్రికి ఎక్కడ పడుకోవాలో తెలియక నిలబడుతుంది. ఇలాంటి ప్రయాణం ఏ కుటుంబం ఎన్నిసార్లు చేయగలదు?

దేశం మొత్తం మీద 2022 చివరికి జైళ్లలో 5,73,220 మంది ఉంటే, 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి ఇంకా నేరం రుజువు కాలేదు. జైళ్ల నిండుదనం 131 శాతం. ఆదివాసీలు, దళితులు, ముస్లింలు జనాభాలో తమ వాటా కంటే ఎక్కువగా విచారణ ఖైదీల్లో కనిపించడం ఏళ్ల తరబడి సాగుతున్న వ్యవహారం. మన పాఠకుల్లో లారీ, ట్రావెల్స్ పని చేసే కుటుంబాలు చాలా ఉన్నాయి. కిరాయికి ఎక్కించుకున్న సరుకులో ఏముందో తెలియక ఈ కేసుల్లో ఇరుక్కునే డ్రైవర్‌కూ, మూట మోసిన కొండ కుర్రాడికీ చట్టం ముందు తేడా ఏమీ లేదు. అందుకే దీన్ని గిరిజనుల సమస్య అని పక్కన పెట్టేయడానికి లేదు. 2022 నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవ సభలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, సుప్రీంకోర్టు జడ్జీలు ఎదురుగా ఉండగానే, చిన్న కేసుల్లో ఏళ్లకేళ్లు మగ్గుతున్న పేదల గురించి, ఇంకా జైళ్లు కట్టాల్సిన అవసరం ఎందుకన్న దాని గురించి మాట్లాడారు.

ఆలస్యానికి విరుగుడు చట్టంలో కొంత ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన బీఎన్ఎస్ఎస్ 479వ సెక్షన్ ప్రకారం, గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణ ఖైదీగానే గడిపినవాళ్లను జామీను మీద వదలాలి. మొదటిసారి నేరం మోపబడ్డవాళ్లకైతే మూడో వంతు చాలు. పాత కేసులకు కూడా ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో చెప్పింది. లెక్క వేయండి: ఇరవై ఏళ్ల శిక్ష ఉన్న కేసులో మూడో వంతు అంటే ఆరేళ్ల ఎనిమిది నెలలు. ఒకరి మీద ఒకటి కంటే ఎక్కువ కేసులుంటే ఆ సౌకర్యం కూడా లేదు. దీనికంటే ఉపయోగపడేది 2023 మార్చి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ఏడేళ్లకు పైగా జైల్లో ఉన్న గంజాయి కేసు నిందితుడికి జామీను ఇస్తూ, విచారణ విపరీతంగా ఆలస్యమైతే 37వ సెక్షన్ అడ్డు కాదని కోర్టు చెప్పింది.

శిక్ష పడ్డాక

జైలు మంచిగా నడుచుకున్న ఖైదీకి ఏటా కొన్ని రోజులు తగ్గిస్తుంది. జనవరి 26, ఆగస్టు 15 వచ్చాయంటే సత్ప్రవర్తన ఖైదీల విడుదల వార్త చదువుతుంటాం. హత్య కేసులో యావజ్జీవం పడ్డవాళ్లు కూడా కొన్నాళ్లకు ఆ జాబితాలోకి వస్తారు. ఎన్‌డీపీఎస్ ఖైదీ మాత్రం రాడు. 32ఎ సెక్షన్ శిక్ష తగ్గింపును, మార్పును నిషేధించింది. 2000లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌లో ఒక్క భాగాన్ని కొట్టేసింది. అప్పీలు నడుస్తుండగా శిక్షను నిలిపివేసే అధికారం కోర్టుకు ఉండాల్సిందే అంది. తగ్గింపు నిషేధం మాత్రం నిలిచింది. 33వ సెక్షన్ వల్ల, పద్దెనిమిదేళ్లు దాటినవాడికి ప్రొబేషన్ మీద వదిలే అవకాశమూ దాదాపు లేదు.

నా ఉద్దేశంలో ఈ చట్టంలో అన్నిటికంటే అర్థం లేనిది ఇదే. గంజాయి మంచిదని ఎవరూ అనడం లేదు, దాని వల్ల పాడైన పిల్లలు హైదరాబాద్ బస్తీల్లోనూ ఉన్నారు, విశాఖ కాలేజీల్లోనూ ఉన్నారు. కానీ మారినా మారకపోయినా ఒకటే అని ఖైదీకి ముందే చెప్పేస్తే, జైలును ‘సంస్కరణాలయం’ అని పిలవడం దేనికి?

డబ్బు దగ్గర కూడా ఇదే తీరు. జరిమానా, పూచీకత్తు కట్టలేని పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో ఒక పథకం తెచ్చింది. 2023లో పెట్టిన పరిమితి ప్రకారం విచారణ ఖైదీకి 40 వేల రూపాయల వరకు, జరిమానా కట్టలేని శిక్ష ఖైదీకి 25 వేల వరకు సాయం. మంచి పథకమే. అయితే ఆ మార్గదర్శకాల్లో విచారణ ఖైదీలకు సంబంధించి ఎన్‌డీపీఎస్ కేసులను పక్కన పెట్టారు. అడవివరం జైల్లో ఆ సాయం ఎక్కువ అవసరమైనవాళ్లకే అది అందదు.

నరకడం సరే, తర్వాత?

2021 చివర్లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో పోలీసులు, ఎస్ఈబీ ఏజెన్సీలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. కొన్ని ఊళ్లలో జనమే కత్తి పట్టుకుని తోటలు కొట్టేశారు. 2024లో రాష్ట్రం ‘ఈగల్’ అనే ప్రత్యేక విభాగం పెట్టింది. సాగు ఈవల తగ్గిన మాట నిజం. కాఫీ, మిరియాలు, రాజ్మా వైపు మళ్లించే పని కూడా జరిగింది. కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, ఈలోపు మూట మోయమని అడిగేవాడు వారం వారం వస్తాడు. సరుకు ఒడిశా నుంచి వస్తూనే ఉంది కనుక మోతకూలీల అరెస్టులు ఆగలేదు.

మార్చాల్సిందేమిటో కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. ఇంగ్లండ్‌లో 2012లో తెచ్చిన డ్రగ్స్ కేసుల శిక్షా మార్గదర్శకాల్లో సరుకు బరువుతోపాటు మనిషి పాత్రను కూడా చూస్తారు. నడిపించినవాడా, మధ్యవాడా, ఒత్తిడికో అమాయకత్వానికో లొంగి చేసిన చిన్నవాడా అని. అమెరికా 1986లో కఠిన కనిష్ఠ శిక్షలు పెట్టింది, జైళ్లు నిండాక 1994లో చిన్న పాత్ర ఉన్నవాళ్లకు కనిష్ఠం కంటే తక్కువ వేసే వెసులుబాటు ఇచ్చింది, 2018లో దాన్ని ఇంకా పెంచింది. మన దగ్గర శిక్షలకు మార్గదర్శకాలు ఉండాలని మలిమఠ్ కమిటీ 2003లోనే చెప్పింది. ఛత్తీస్‌గఢ్ 2019లో మాజీ సుప్రీంకోర్టు జడ్జి ఎ.కె. పట్నాయక్ నేతృత్వంలో కమిటీ వేసి, ఆదివాసీల మీద ఉన్న కేసులను తిరగదోడి, చిన్నవాటిని వందల్లో ఉపసంహరించింది. ఎన్‌డీపీఎస్ కేంద్ర చట్టం, అందులోని కనిష్ఠ శిక్షను అమరావతి మార్చలేదు. కానీ ఏజెన్సీ కేసులను ఒకసారి పరిశీలించే కమిటీ వేయడానికి, కువి తెలిసిన దుబాసీలను కోర్టులో పెట్టడానికి, పాడేరులోనే విచారణ జరిగేలా హైకోర్టును అడగడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. ఇక్కడ బద్ధకమే అడ్డు.

జైలు నిబంధనల వైపు ఒక మంచి అడుగు పడింది. 2024 అక్టోబరు 3న, జర్నలిస్టు సుకన్యా శాంత వేసిన కేసులో, జైళ్లలో కులాన్ని బట్టి పని పంచడాన్ని, సంచార జాతుల్లో పుట్టినవాళ్లను పుట్టుకతోనే అలవాటు నేరస్తులుగా చూసే రూల్స్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. పలు రాష్ట్రాల జైలు మాన్యువళ్లు దీని కిందికి వచ్చాయి.

కుటుంబాలు ఇప్పుడు అడగగలిగినవి

గిరిజనులకు, స్త్రీలకు, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. ఫోను నంబరు 15100. జైల్లో లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉంటుంది, అక్కడ దరఖాస్తు పెట్టమని ములాఖాత్‌లో చెప్పండి. పట్టుబడ్డ తేదీ, రిమాండు తేదీ ఒక చీటీ మీద రాసుకుని దాచండి. 180 రోజుల లెక్క దాని నుంచే.

కుర్రాడికి పద్దెనిమిది నిండలేదని అనుమానం ఉంటే ఆశ్రమ పాఠశాల రికార్డు వెంటనే తీయించండి. వయసు తేల్చడానికి చట్టం ముందు చూసేది స్కూలు సర్టిఫికెట్టే, అది లేకపోతే పంచాయతీ జనన ధ్రువపత్రం, ఆ రెండూ లేకపోతేనే డాక్టరు పరీక్ష. మైనరని తేలితే అతను ఉండాల్సింది జైల్లో కాదు, కేసు వెళ్లాల్సింది జువైనల్ జస్టిస్ బోర్డుకు.

ఇక జామీను వచ్చి కూడా లోపలే ఉండిపోయేవాళ్లు. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు అమ్మడం కుదరదు, అటవీ హక్కు పట్టా వారసత్వంగా వస్తుంది కానీ అమ్ముడుపోదు. దాన్ని పట్టుకుని ఆస్తి విలువ చూపించి జామీనుదారుగా నిలబడటం కష్టం. అయితే స్థానిక జామీనుదారులే కావాలని కోర్టులు పట్టుబట్టొద్దని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న చెప్పింది. జామీను ఉత్తర్వు వచ్చి వారం రోజులైనా ఖైదీ బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలి. నెల దాటితే షరతులు తగ్గించాలా అని కోర్టే తనంతట తాను చూడొచ్చు. ఉత్తర్వు కాపీ చేతిలో ఉంచుకుని, ఎనిమిదో రోజున ఆ సంస్థ ఆఫీసుకు వెళ్లి ఈ సంగతి గుర్తు చేయండి.